పెరటిచెట్టు



“పెరటిచెట్టు మందునకు రాదు” అను సామెత వినని వారు మన గ్రామములలో నుండరు. చేతికందు దూరమున నున్న వస్తువునకు విలువ నీయకపోవుట మనుష్యస్వభావము. దీనికి తోడుగా మరియొక సామెత కూడ కలదు: “పొరుగింటి పుల్లకూర రుచి” యని. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మన పెరటితోటల చరిత్ర యంతయు వానిలో నిమిడి యున్నట్లు నాకు తోచును. ఏలయన, నేడు మన పెరటిలో నున్న మొక్కలలో పెక్కు ఒకప్పుడు పొరుగింటివే. కొన్ని పొరుగు దేశమువి. కొన్ని పొరుగు ఖండమువి. అవి మన ఇంటి కెట్లు వచ్చినవి? వచ్చిన పిదప మనవి యెట్లయినవి? ఇదియే నేటి నా ప్రసంగవిషయము.

నేను చరిత్ర బోధించి జీవించినవాడను. ముప్పది సంవత్సరములు రాజుల పేర్లును, యుద్ధముల తేదీలును బాలురచేత వల్లె వేయించితిని. కాని మా యింటి పెరటిలో నున్న చరిత్రను మాత్రము, ఆ పెరడు మా చేతులు దాటిపోయిన పిదపగాని గుర్తింపలేకపోతిని. కనుక నేడు చెప్పబోవు మాటలలో పాఠము కొంత, పశ్చాత్తాపము కొంత కలిసి యుండును. పెద్దలు మన్నింతురుగాక.

మాది దివిసీమ యంచున నున్న యొక చిన్న గ్రామము. పెంకుటింటి వెనుక పండ్రెండు సెంట్ల పెరడు, నడుమ గిలకబావి. బావికి తూర్పున తులసికోట, దాని చుట్టు మరువము, దవనము, బంతి. స్నానపు నీరు పారు కాలువ వెంబడి అరటి, చేమ. గోడవార కరివేప, దాని ప్రక్కన మునగ. వంటయింటి చూరుమీదికి సొరపాదు ప్రాకెడిది. పందిరిపై నొకవైపు దొండ, మరియొకవైపు చిక్కుడు. దొడ్డిగుమ్మమున కానుకొని సన్నజాజి. మా తల్లి తెల్లవారుజామున లేచి, వాకిట కల్లాపి చల్లుటకు ముందే ఒకమారు పెరడంతయు తిరిగి వచ్చెడిది. ఏ కొమ్మ చిగిర్చినదో, ఏ పిందె నిలిచినదో, ఏ యాకునకు పురుగు పట్టినదో చూచుటయే ఆమెకు ప్రాతఃకాల దర్శనము.

ఒకనాడు నేను, “ఎందుకమ్మా నీకీ శ్రమ? సంతలో రూపాయి పెడితే కావలసినన్ని కాయలు వస్తాయి గదా” అంటిని. ఆమె నవ్వి, “కాయలు వస్తాయిరా. పిందె పడటం చూడటం సంతలో దొరకదు గదా” అనెను. ఆ మాటకు నేనప్పుడు ప్రత్యుత్తరము చెప్పలేదు. ఇప్పుడును చెప్పలేను.

వంటయింటి దూలమునకు ఒక యెండిన సొరబుర్ర వ్రేలాడుచుండెడిది. దానిలో చిన్న చిన్న గుడ్డమూటలు, మూటలలో బూడిద కలిపిన విత్తనములు. ఏ మూట యెవరిచ్చినదో ఆమెకు కంఠస్థము. పొట్లగింజ పుట్టింటినుండి తెచ్చుకొన్నది. బీరగింజ పాలుపోయు నామె యిచ్చినది. ముద్దబంతి గింజ గుడి పూజారిగారి భార్య కొంగున కట్టి తెచ్చినది. అట్లే మా యింటినుండి ఏ గింజ యెవరి యింటికి పోయినదియు ఆమె చెప్పగలిగెడిది. ఎవరు వచ్చి యడిగినను లేదనెడిది కాదు. “అన్నీ ఇచ్చేస్తే మనకేం మిగులుతుంది?” అని మా నాయనమ్మ విసుగుకొనునప్పుడు, “ఇచ్చిన విత్తనం నిలుస్తుంది అత్తయ్యా, దాచిన విత్తనం పుచ్చుతుంది” అని సమాధానము చెప్పెడిది. అది ఆమె యుదారస్వభావమని మాత్రమే నేను తలచితిని. అది చరిత్రసత్యమని తెలియుటకు నాకు చాలకాలము పట్టినది.

ఆ సత్యమును పరీక్షించుటకు మనము మొదట కర్నూలు జిల్లాలోని యెర్రగుడికి పోవలెను. గుత్తికి సమీపమున నున్న యా గ్రామపు కొండరాళ్లపై అశోకచక్రవర్తి శాసనములు చెక్కబడి యున్నవి. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమునాటివి. వానిలో నొకదానియందు ఆ చక్రవర్తి తాను చేసిన ధర్మకార్యములను చెప్పుచు, మనుష్యులకును పశువులకును పనికివచ్చు ఓషధులు, మూలికలు, ఫలములు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించితి నని తెల్పెను. బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించుటయు చెప్పెను. “లేనిచోటికి తెప్పించి నాటించుట” యన్న యీ భావమును గమనింపుడు. మన దేశమున దొరకిన మిక్కిలి ప్రాచీనమైన శాసనములలోనే మొక్కల రాకపోకల ప్రస్తావన కలదు.

చక్రవర్తి నాటించిన చెట్టునకు శిలాశాసనము కలదు. గృహిణి నాటిన పాదునకు శాసనము లేదు. అయినను ప్రాచీన గ్రంథములలో దాని జాడలు దొరకుచున్నవి. కౌటిల్యుని యర్థశాస్త్రమున సీతాధ్యక్షుడను వ్యవసాయాధికారి ధాన్యములతోపాటు పూలు, పండ్లు, కూరలు, దుంపలు మొదలగువాని విత్తనములను సకాలమున సేకరింపవలెనని విధింపబడినది. వాత్స్యాయనముని గృహిణీధర్మములను వివరించుచు ఇంటి యావరణమున ఆకుకూరల మళ్లు, చెరకు దుబ్బులు, జీలకర్ర, ఆవాలు వేయింపవలె ననియు. మల్లె, జాజి, నందివర్ధనము వంటి పూలమొక్కలు పెంచవలె ననియు. నడుమ బావి గాని, గుంట గాని త్రవ్వింపవలె ననియు వ్రాసెను. ముల్లంగి, దోస, వంగ, బూడిదగుమ్మడి, సొర మొదలగువాని విత్తనములను ఇల్లాలు సకాలమున దాచి, సకాలమున విత్తవలెనని కూడ చెప్పెను. ఆ పంక్తులు చదివినప్పుడు నాకు దూలమునుండి వ్రేలాడు మా సొరబుర్రయే కన్నులకు కట్టినది. రమారమి పదునేడు వందల యేండ్లనాటి గ్రంథములో మా వంటయిల్లు కనబడినది!

పిమ్మట 6వ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక యధ్యాయము కేటాయించెను. సురపాలుడను పండితుడు ఆ విషయముననే ప్రత్యేకముగా నొక గ్రంథము రచించెను. దాని వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్ఫర్డు గ్రంథాలయమున నుండగా, 1996లో మన సికింద్రాబాదునుండి అది ఇంగ్లీషు అనువాదముతో వెలువడినది. అందు “కుణపజల” మను నొక ద్రవపుటెరువు చెప్పబడినది. మాంసము, మజ్జ, చేపలు మొదలగువానిని నీటిలో ఉడికించి, మురుగబెట్టి, పలుచన చేసి చెట్ల మొదళ్లకు పోయుదురు. మా తీరగ్రామములలో స్త్రీలు చేపలు కడిగిన నీటిని, బియ్యము కడిగిన కుడితిని కాలువ పాలు చేయక పాదులలో పోయుట నేను బాల్యమునుండి చూచినదే. వారు సురపాలుని చదివి చేసినది కాదు. ఇట్టి యిండ్లలో జరుగుచున్న పనిని చూచియే శాస్త్రకారులు శాస్త్రము వ్రాసి యుందురని నా నమ్మకము.

ఇక మన పెరటిలోని మొక్కల జన్మస్థానములను గూర్చి కొంత విచారింతము. తులసి, కరివేప, మునగ, మామిడి, వంగ — ఇవి మన దేశపు బిడ్డలే. కాని మన చింతచెట్టు ఎచ్చటిది? వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము ప్రకారము దాని పుట్టిల్లు ఆఫ్రికాఖండము. అది యెంత ప్రాచీనకాలమున మన దేశమునకు వచ్చినదనగా, అరబ్బు వర్తకులు దానిని మన దేశపు చెట్టుగనే యెంచి “హిందూదేశపు ఖర్జూరము” అని యర్థమిచ్చు పేరు పెట్టిరి. ఆ పేరే మారి ఇంగ్లీషున “టామరిండ్” అయినది. సొర, చిక్కుడు కూడ ఆఫ్రికానుండి వచ్చినవే. మనము ఆంధ్రమాత యని గారాబముగ పిలుచుకొను గోంగూర సైతము ఆ ఖండపు సంతతియే. పొరుగింటి పుల్లకూర రుచియని సామెత చెప్పిన పూర్వులకు తమ యింటి పుల్లకూర సముద్రము కావలి పొరుగింటిదని తెలిసి యుండదు. తెలిసిన మాత్రమున గోంగూర మనది కాకపోవునా? వందల తరములుగ మన స్త్రీలు విత్తి, కోసి, నూరి, గింజ దాచి, పొరుగున కిచ్చి దానిని మనదిగా చేసిరి. పుట్టుకచేత వచ్చిన హక్కుకన్న పెంపకముచేత వచ్చిన హక్కు తక్కువది కాదు.

ఈ మాట అనగానే ఆముక్తమాల్యద జ్ఞప్తికి వచ్చును. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు తన మహాకావ్యమునకు నాయికగా నెన్నుకొన్న గోదాదేవి రాజభవనమున పుట్టినది కాదు. శ్రీవిల్లిపుత్తూరులో స్వామికి పూమాలలు కట్టి సమర్పించు విష్ణుచిత్తునికి తన తోటలో తులసివనమున దొరకిన పసిబిడ్డ. ఆ భక్తుని సంపద యంతయు ఒక పూలతోటయే. దొరకిన బిడ్డను కన్నబిడ్డగా పెంచుట, దొరకిన మొక్కను ఇంటిమొక్కగా పెంచుట — రెండును ఒకే హృదయము చేయు పనులు.

ఆ రాయలు సింహాసన మధిష్ఠించిన మరుసటి సంవత్సరమే, అనగా 1510లో, పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. అంతకు పూర్వము 1492లో కొలంబసు అమెరికా దీవులను చేరి యుండెను. 1498లో వాస్కోడగామా కళ్లికోట రేవునకు వచ్చి యుండెను. ఈ సముద్రమార్గముల వెంట మిరియముల కొరకును బంగారము కొరకును ఓడలు నడచినవి. ఆ యోడలలో ఎవరును అంతగా లెక్కపెట్టని ప్రయాణికులు కొందరు మన దేశమున దిగిరి. వారే విత్తనములు.

అట్లు వచ్చినదే మిరపకాయ. శ్రీనాథమహాకవి దాని పేరు వినలేదు. ఆయన నాటి వంటలలో కారము మిరియములది. మిరియమువలె మండునది గనుక దానికి మనవారు మిరప యని పేరు పెట్టుకొనిరి. నేడు గుంటూరు పేరు చెప్పగనే దేశమంతయు మిరపకాయనే తలచును. జామ, బొప్పాయి, జీడిమామిడి, ఎర్రగుమ్మడి, చంద్రకాంత, బంతి — ఇవన్నియు అమెరికాఖండపు సంతానమే. గుడిముందర తెల్లని పూలు రాల్చు దేవగన్నేరు, శివలింగాకృతి దాల్చిన పూవుగల నాగలింగము కూడ అచ్చటివే. అవి దేవాలయప్రాంగణములో చోటు సంపాదించుకొని, అర్చనకు పూలిచ్చి, దైవనామమునే ధరించినవి.

మన పూర్వులు పేర్లు పెట్టుటలో చూపిన ఔదార్యమును చూడుడు. సముద్రములు దాటి వచ్చిన యొక తీయని పండునకు సీతాఫలమని పేరు పెట్టిరి. దాని తోబుట్టువునకు రామాఫలమనిరి. ఆ తరువాత వచ్చిన టమాటాను కొన్ని ప్రాంతములవారు రామములక్కాయ యనిరి. పరదేశమునుండి వచ్చిన యతిథికి సీతారాముల పేర్లు పెట్టి లోపలికి పిలిచిన జాతి మనది. సంక్రాంతికి మన యాడపిల్లలు గొబ్బెమ్మలపై గుచ్చు గుమ్మడిపూవు, బంతిపూవు; తెలంగాణమున బతుకమ్మను పేర్చునప్పుడు తంగేడు, గునుగుల నడుమ కూర్చు బంతిపూవు — ఇవి 500 ఏండ్లకు పూర్వము మన నేలపై లేవు. బతుకమ్మ పండుగను 2014లో తెలంగాణము రాష్ట్రపండుగగా ప్రకటించినది. ఆ పూలపేర్పులో మన నేల తంగేడును, సముద్రములు దాటి వచ్చిన బంతియు ఒకే పళ్లెమున, ఒకే వరుసలో కూర్చుండుచున్నవి. ఎవరు ముందు వచ్చిరో, ఎవరు వెనుక వచ్చిరో గౌరమ్మ అడుగుట లేదు.

మొక్కలను తెచ్చి నాటు పనిని ప్రభుత్వములు కూడ చేసినవి. కాకినాడకు సమీపమున నున్న సామర్లకోటలో 1781 మొదలు 1793 వరకు విలియం రాక్సుబరో అను వైద్యుడు ఈస్టిండియా కంపెనీ యుద్యోగిగా నుండి, మిరియము, నీలి మొదలగువాని సాగును పరీక్షించుటకు ఒక తోట పెంచెను. పిదప ఆయన కలకత్తా ఉద్యానమునకు అధికారిగా పోయెను. ఆయన రచించిన “కోరమాండలు తీరపు మొక్కలు” అను గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో వెలువడినది. చిత్రములు వ్రాసినవారు మన దేశపు చిత్రకారులే. మొక్కల వర్ణనలతోపాటు ఆయన తెలుగుపేర్లను కూడ వ్రాసికొనెను. ఆ పేర్లు ఆయనకు గ్రంథములలో దొరకినవి కావు. మొక్కను ప్రతిదినము చేతితో త్రుంచువారి నోటినుండి వచ్చినవే. ఆ చెప్పినవారి పేర్లు మాత్రము మనకు మిగులలేదు.

కంపెనీవారు ఆ తోట పెంచినది లాభము కొరకు. అది చరిత్రలో కలిసిపోయినది. ఇల్లాలు పెంచిన పెరటితోట కేవలము లాభము కొరకు కాదు, అది మిగిలినది. ఈ భేదమునకు కారణమేమి? కంపెనీతోటను ఒక యధికారి నడపెను. అధికారి మారగనే దాని యదృష్టము మారినది. పెరటితోట వేయి యిండ్లలో పంచబడి యుండును. ఒక యింట పాదు ఎండిపోయినను పది యిండ్లలో దాని సంతతి బ్రతికి యుండును. విత్తనమునకు ఆయువు స్వల్పము. తేమ తగిలిన బూజు పట్టును. ఏమరుపాటున పురుగు తొలుచును. ఏండ్లు గడచినచో మొలకెత్తు శక్తి నశించును. దానిని దాచుటకు శ్రేష్ఠమైన గాదె పొరుగువారి పెరడే. మా తల్లి చెప్పిన మాటలోని శాస్త్ర మిదియే.

ఇక “పెరటిచెట్టు మందునకు రాదు” అను సామెత సంగతి. బిళ్లగన్నేరు మీరెరిగినదే. ఎవరును పట్టించుకొనకున్నను బావిగట్టున, గోడసందున పూయుచుండును. దాని జన్మస్థానము మడగాస్కరు ద్వీపము. 1950ల నుండి కెనడా, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు ఆ మొక్కనుండి కొన్ని మందులను వేరుచేసిరి. పసిపిల్లల రక్తమునకు సోకు ఒక విధమగు క్యాన్సరు చికిత్సలో ఆ మందులలో నొకటి నేటికిని ముఖ్యమైనది. పెరటిచెట్టు మందునకు వచ్చినదిగదా! అయితే దాని ఆకు నమిలినంత మాత్రమున రోగము కుదురునని యెవ్వరును భ్రమపడరాదు. అది విషముగల మొక్క. మందుగా మార్చుట వైద్యశాస్త్రము పని. కాపాడుకొనుట మాత్రము మన పని.

కష్టకాలమున పెరడు చేయు మేలు మన తాతతండ్రు లెరుగుదురు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుటచే అచ్చటినుండి వచ్చు బియ్యము నిలిచిపోయెను. ఆ దినములలో ప్రభుత్వము ఆహారమును అధికముగ పండింపుడని ప్రచారము సాగించెను. అప్పుడు మా తల్లి పదేండ్ల బాలిక. తమ యింట పూలమొక్కల నడుమ గూడ తోటకూర, బచ్చలి వేసిరనియు, అన్నము తక్కువైన రోజున కూర యెక్కువ వండిరనియు ఆమె చెప్పెడిది. అయినను వాళ్లమ్మ తులసికోటప్రక్కన ఉన్న యొక్క మల్లెపొదను మాత్రము తీయనీయలేదట. “కడుపుకు కూర, కళ్లకు పువ్వు, రెండూ ఉండాలి” అన్నదట. కరవులో సైతము పూవునకు చోటుంచిన యా వివేకమును ఏ ప్రభుత్వపు కరపత్రము నేర్పలేదు.

తరువాత మా వంతు వచ్చినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను తుపాను ముంచెత్తినది. సముద్రపు టుప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్నది. మా గ్రామము అంచున నుండుటచే మేము బ్రతికితిమి. కాని ఉప్పునీరు పెరటిలో నిలిచినది. మునగ విరిగినది. పందిరి కొట్టుకొనిపోయినది. సొరబుర్ర తడిసి విత్తనములన్నియు మురిగినవి. నీరు తీసిన పిదప నేలపై తెల్లని ఉప్పుపొర కట్టినది. ఇంటిని గూర్చి గాని, పోయిన ధాన్యమును గూర్చి గాని ఏడువని మా తల్లి, ఆ పెరటిగుమ్మమున కూర్చుండి యేడ్చుట నేను చూచితిని.

మరుసటి వానకాలము గడచి, కాలువనీటితో నేల కొంత కడుగబడిన పిమ్మట, నందిగామ ప్రాంతమున నున్న మా పినతల్లి ఒక మూట పంపెను. విప్పి చూడగా చిక్కుడు, పొట్ల, దొండతీగ ముక్కలు, బంతి. అవి యన్నియు పూర్వము మా తల్లి ఆమెకు ఇచ్చినవాని సంతతియే. ఆ మూటను ఒడిలో పెట్టుకొని మా తల్లి నవ్విన నవ్వును నేను మరువలేదు. “చూశావా, నేను దాచినవి మురిగాయి. ఇచ్చినవి వచ్చాయి” అనెను. అంతటి వినాశనమునకు పిదప మా పెరడు పూర్వపు రూపునకు వచ్చుటకు నాలుగేండ్లు పట్టినది. తిరిగి వచ్చినది మాత్రము నిజము.

ఉప్పెన చేయలేని పనిని మేము చేసితిమి. 2008లో మా తల్లి గతించెను. మేము ముగ్గురన్నదమ్ములము మూడు పట్టణములలో నుంటిమి. ఇల్లును స్థలమును ముగ్గురకు పంచుట సాధ్యము కాక అమ్మివేసితిమి. పత్రములపై మొదట సంతకము చేసినవాడను నేనే. కొన్నవారు బావి పూడ్చి, చెట్లు నరికి, నేలనంతయు సిమెంటుతో కప్పి గిడ్డంగి కట్టిరి. వారిని నేనేమనగలను? అమ్మినవారము మేము. ఆ సొరబుర్రను మాత్రము నేను తెచ్చుకొని మా యింటి యటకపై భద్రముగ దాచితిని. మూడేండ్లకు దానిని దింపి చూచితిని. గింజలన్నియు పుచ్చి పిండియై యున్నవి. దాచిన విత్తనము పుచ్చునని పదిమార్లు విన్నవాడను, అయినను దాచితిని. ముప్పది యేండ్లు చరిత్ర చెప్పినవాని బుద్ధి ఇట్లుండెను.

ఆ పిదప కొంతకాలమునకు ఒక వివాహమునకై మా గ్రామమునకు పోయితిని. మా పాతయింటి కెదురుగా నుండు వృద్ధురాలిని నేను చిన్ననాటినుండి అత్తయ్యా యని పిలుతును. పలుకరించుటకు లోపలికి పోగా దొడ్డిలో చిక్కుడుపందిరి కనబడినది. అంచున ఊదారంగు చారగల వెడల్పు కాయ. దానిని చూడగనే నా కాళ్లు నిలిచిపోయినవి. అత్తయ్య నావైపు చూచి, “మీ అమ్మ ఇచ్చిందేరా. ఉప్పెన తరువాత మీ పిన్ని పంపిన గింజల్లో మాకూ నాలుగు పెట్టింది. నీ దగ్గర లేదా?” అని యడిగెను. లేదంటిని. ఆమె మారుమాటాడక ఎండిన కాయలు నాలుగు కోసి, ఒలిచి, కొంగుచింపున మూటకట్టి నా చేతిలో పెట్టినది. సన్నజాజి తీగ ముక్క కూడ తడిగుడ్డలో చుట్టి యిచ్చినది.

నేడు పట్టణములలో పెరడు కరవైనది. అయినను మనుష్యులు ఊరకుండుట లేదు. హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరములలో మేడలపై తొట్లలో వంగ, తోటకూర పెంచువారు కలరు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు వేసవిలో ఇంటి వెనుక గోంగూర, చిక్కుడు వేసుకొని, చలికాలమున కరివేపమొక్కను తొట్టితో సహా ఇంటిలోనికి తెచ్చి పసిబిడ్డవలె కాపాడుకొనుచున్నారు. ఆఫ్రికాలో పుట్టి, తెలుగునాట పెరిగిన గోంగూర, తెలుగువారి చేతిలో అమెరికా చేరినది. అమెరికాలో పుట్టిన మిరప మన యూరగాయతో కలిసి అచ్చటికే తిరిగి పోయినది. విత్తనమునకు సరిహద్దులు లేవు. దానికి కావలసినది ఇచ్చు చేయి, పుచ్చుకొను చేయి మాత్రమే.

పెద్దలారా! మీ పెరటిలోని ప్రతి మొక్కకును ఒక చరిత్ర కలదు. అది ఎవరి యింటినుండి వచ్చినదో, ఏ సంవత్సరమున వచ్చినదో మీ యింటి వృద్ధస్త్రీలకు తెలియును. వారు పోయిన పిమ్మట అడుగుటకు ఎవరును ఉండరు. కనుక ఈ ప్రసంగము ముగిసిన పిదప ఒకమారు వారిని పిలిచి యడుగుడు. చెప్పినదానిని పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. వ్రాసిన పిదప ఆ గింజలలో కొన్నింటిని వారిచేతనే పొరుగింటికి పంపుడు. మొదటిది చరిత్రను కాపాడును. రెండవది మొక్కను కాపాడును.

నా మాట చెప్పి ముగింతును. మా యింటి ముందర నున్న మూడడుగుల నేలలో అత్తయ్య యిచ్చిన చిక్కుడు ఈ యేడును కాచినది. ఉదయమున లేవగనే పోయి పిందెలను చూచుట నాకును అలవాటైనది. ఈ సారి గింజలను నేను దాచలేదు. రెండు దోసిళ్లు మా వీధిలోని మూడిండ్లకు ఇచ్చితిని. ఒక మూట నందిగామకు, మా పినతల్లి మనుమరాలికి పంపితిని. బుర్ర మాత్రము దూలమునకు వ్రేలాడుచున్నది. దానిలో విత్తుటకు సరిపోవు పిడికెడు గింజలు తప్ప మరేమియు లేదు.